ఓడ రాకుండానే పేలిన మైన్లు – 1972 ఆగస్టు 4, హోన్ లా

కడలిచూపు · శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ థ్రెడ్ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

వియత్నాం యుద్ధం గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 1972 మే నెలలో అమెరికా నౌకాదళం ఉత్తర వియత్నాం రేవుల ముందు విమానాలతో మైన్లు (ఓడ దగ్గరికొస్తే పేలే నీటి బాంబులు) జారవిడిచింది. ఆపరేషన్ పాకెట్ మనీ అని పేరు. హైఫాంగ్‌తో మొదలై మిగతా రేవులకీ పాకింది. ఆగస్టు 4న హోన్ లా అనే చోట, తీరం మీద ఎగురుతున్న అమెరికా విమానాల వాళ్ళు కింద నీళ్ళలో వరసగా పేలుళ్ళు చూశారు. ముప్పై సెకన్లలో ఇరవయ్యో పాతికో. ఇంకో పాతిక ముప్పై చోట్ల నీళ్ళు బురద తేలి ఉన్నాయి, అంటే అవి అంతకుముందే పేలాయన్నమాట. దగ్గర్లో ఓడ లేదు. విచారణ చేసి చివరికి తేల్చింది ఏమిటంటే, సౌర తుఫాను!

పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతల సూర్యుడి మీద ఏదో జరిగితే, సముద్రం అడుగున పడున్న బాంబుకి ఏం తెలుస్తుంది? ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా?

సందేహాల సూరి · శనివారం, రాత్రి 9:31

నాకైతే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. సరుకు నాసిరకం, వాటంతట అవే పేలాయి. ఆ మాట పై ఆఫీసరుతో ఎవడు చెప్తాడు? సూర్యుణ్ణి పిలిచి ఎవరూ సంజాయిషీ అడగరు కదా.

పైగాలి · శనివారం, రాత్రి 10:26

సూరి గారూ, మద్దెల ఓడే. మీరు సగం కరెక్ట్.

ఆ మైన్లు చాలావరకు మామూలు విమాన బాంబులే. వాటికి అయస్కాంత ఫ్యూజు తగిలించారు, డిస్ట్రక్టర్ అని పిలిచేవాళ్ళు. ఇనుప ఓడ దగ్గరికొస్తే అక్కడి భూ అయస్కాంత క్షేత్రం కాస్త చెదురుతుంది. ఫ్యూజు ఆ చెదరడం కోసం కాచుక్కూర్చుంటుంది. క్షేత్రం ఎంత ఉంది అన్నది దానికి అక్కర్లేదు, ఎంత తొందరగా మారింది అన్నదే కావాలి. నెమ్మదిగా మారితే పట్టించుకోదు, ఎందుకంటే భూమి క్షేత్రం రోజూ పొద్దునా సాయంత్రం కొంచెం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది.

ఇప్పుడు సూర్యుడి సంగతి. ఆ ఆగస్టు మొదటి వారంలో ఒకే సౌర మచ్చల గుంపు నుంచి వరసగా పేలుళ్ళు జరిగాయి. మొదట వచ్చినవి దారిలో ఉన్న సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల గాలిని, ఊడ్చేశాయి. వెనకాల వచ్చిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) ముద్దకి రోడ్డు ఖాళీ. మామూలుగా రెండు మూడు రోజులు పట్టే ప్రయాణం 14.6 గంటల్లో అయిపోయింది. ఇప్పటికీ రికార్డు అదే. అది వచ్చి భూమి అయస్కాంత కవచాన్ని గుద్దగానే కింద నేల మీద, నీటి అడుగున కూడా క్షేత్రం ఒక్కసారిగా ఊగింది. ఫ్యూజుకి తెలిసిన భాష ఒక్కటే. "తొందరగా మారింది, అంటే ఓడ వచ్చింది."

ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఇంకోటుంది. తుఫాను తీవ్రతకి మేం వాడే డీఎస్‌టీ అనే సూచీ ఆ రోజు సుమారు మైనస్ 125 నానోటెస్లా. పట్టికలో చూస్తే ఇదో మామూలు తుఫాను. అంతకంటే పెద్ద అంకెలున్నవి బోలెడు. కానీ మైన్ పట్టికలు చదవదు. దాని దృష్టిలో అది మహా తుఫాను. తుఫాను పెద్దదా చిన్నదా అన్నది ఎవర్ని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

రహస్య పత్రాలు బయటపడ్డాక 2018లో పరిశోధకులు ఇదంతా మళ్ళీ తవ్వి రాశారు. నేవీ వాళ్ళు నేర్చుకున్న పాఠం మాత్రం అప్పుడే మొదలైంది. అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మకుండా, నేల అదురునూ కలిపి చూసే ఫ్యూజుల వైపు వెళ్ళారు.

సందేహాల సూరి · శనివారం, రాత్రి 10:40

సరే మేడమ్, ఒప్పుకున్నా. సగం.

పాత నావికుడు · ఆదివారం, ఉదయం 6:05

పైగాలి గారు బాగా చెప్పారు. నాకు సూర్యుడి లెక్కలు తెలియవు. కింది గాలి సంగతి తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా రాడార్ స్కోప్ ముందు వాచ్ చేసినవాణ్ణి. ఏ ఓడ, ఏ సంవత్సరం అని అడక్కండి, చెప్పను.

వర్షాలు మొదలయ్యే ముందు, గాలి ఆడని ఒక వేసవి సాయంత్రం. తీరానికి చాలా దూరంలో ఉన్నాం. స్కోప్ మీద చూస్తే పన్నెండు మైళ్ళలో తీరం! పొడుగ్గా, స్పష్టంగా, కొండలతో సహా. చార్టులో అక్కడ లోతైన సముద్రం తప్ప ఏమీ లేదు. నాతో ఉన్న కుర్రాడికి చెమటలు పట్టాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ పట్టాయి లెండి.

మా పెద్దాయన ఒకాయన నేర్పిన చిట్కా ఉంది. రాడార్ సెకనుకి ఇన్ని పల్సులు అని పంపుతుంది కదా, ఆ సంఖ్య మార్చి చూడు. నిజమైన తీరం కదలదు. దొంగ తీరం చోటు మారుతుంది. మార్చాను. గంతేసింది. హమ్మయ్య అనుకుని టీ చెప్పాను.

లెక్కల మాస్టారు · ఆదివారం, ఉదయం 8:50

నావికుడు గారి చిట్కా వెనక లెక్క పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది, రాస్తాను.

సెకనుకి వెయ్యి పల్సులు పంపే రాడార్ అనుకోండి. రెండు పల్సుల మధ్య ఒక మిల్లీసెకను. ఆ వ్యవధిలో రేడియో తరంగం 300 కిలోమీటర్లు వెళ్తుంది, అంటే రానూపోనూ 150. ఇప్పుడు 170 కిలోమీటర్ల దూరంలో కొండ ఉంది. దాని ప్రతిధ్వని వచ్చేసరికి రాడార్ తర్వాతి పల్సు పంపేసింది. ఆ ప్రతిధ్వని కొత్త పల్సుదే అనుకుని కొండ 20 కిలోమీటర్లలో ఉందని చూపిస్తుంది. నిన్న రావాల్సిన ఉత్తరం ఇవాళ వస్తే, ఇవాళ రాసిందే అనుకున్నట్టు.

మరి 170 కిలోమీటర్ల దాకా తరంగం ఎలా వెళ్ళింది? భూమి గుండ్రం కదా. 20 మీటర్ల ఎత్తులో యాంటెనా, 10 మీటర్ల ఎత్తున్న లక్ష్యం అయితే మామూలు గాలిలో రాడార్‌కి కనిపించే దూరం 31 కిలోమీటర్లు, అంతే. అక్కడే గాలి మాయ చేస్తుంది. ఆ ముక్క నాకంటే పైగాలి గారు బాగా చెప్తారు.

పైగాలి · ఆదివారం, ఉదయం 11:12

సముద్రాన్ని ఆనుకుని ఉన్న గాలి తేమతో తడిసి ముద్దగా ఉంటుంది. కొన్ని మీటర్లు పైకి వెళ్తే తేమ గబగబా తగ్గిపోతుంది. రేడియో తరంగం తేమ ఎక్కువున్న వైపు వంగుతుంది. ఆ వంపు భూమి వంపు కంటే ఎక్కువైతే తరంగం పైకి పోలేక, నీటిని తాకి మళ్ళీ లేచి, మళ్ళీ వంగి, గొట్టంలో పడ్డట్టు పాక్కుంటూ పోతుంది. దీన్నే ఇవాపరేషన్ డక్ట్ అంటారు. మనలాంటి వెచ్చని సముద్రాల మీద ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, పది ఇరవై మీటర్ల మందాన. నావికుడు గారు చూసింది దీనికంటే మందమైన డక్ట్ అయ్యుంటుంది. కింద తేమ గాలి, దాని మీదికి నేల వైపు నుంచి వచ్చిన పొడి వేడి గాలి కప్పినప్పుడు అలా ఏర్పడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బొంబాయి దగ్గరి రాడార్‌కి వేసవిలో అరేబియా తీరం ప్రతిధ్వనులు వచ్చేవి. ఇప్పటికీ ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు అందరూ చెప్పే ఉదాహరణ అదే.

అయితే దూరం కనిపించడం వరమేమీ కాదు. గొట్టంలోకి పోయిన శక్తి పైకి పోవాల్సిన శక్తే. డక్ట్‌కి కాస్త పైన రాడార్‌కి గుడ్డి మచ్చ ఏర్పడుతుంది. ఎక్కడో ఉన్న కొండ కనిపిస్తుంది, దగ్గర్లో ఆ ఎత్తున వస్తున్న విమానం కనిపించకపోవచ్చు. అందుకే అమెరికా నేవీ వాళ్ళు 1970ల నుంచే ఆ రోజు గాలి కొలతలు పెట్టి రాడార్ ఎక్కడ చూస్తుంది, ఎక్కడ చూడదు అని బొమ్మ గీసే ప్రోగ్రాములు రాసుకున్నారు. మొదట ఐరెప్స్, తర్వాత ఏరెప్స్. బెలూన్‌తో ఉష్ణోగ్రత, తేమ కొలవడం, కంప్యూటర్‌లో వేయడం. అదే గాలి అవతలివాడి రాడార్‌కీ వర్తిస్తుంది కాబట్టి ఎక్కడ దాక్కోవచ్చో కూడా ఆ బొమ్మే చెప్తుంది.

కడలిచూపు · ఆదివారం, మధ్యాహ్నం 12:03

బాప్రే. నేను మైన్ల గురించి అడిగితే రాడార్ దాకా వచ్చాం. ఆపకండి. దొంగ తీరాన్ని చూసి ఎవరైనా నిజంగా కాల్చేశారా?

పాత నావికుడు · ఆదివారం, మధ్యాహ్నం 12:48

కాల్చారు తమ్ముడూ, బాగానే కాల్చారు. 1943 జూలై చివర్లో, అలాస్కా నుంచి సాగే అల్యూషియన్ దీవుల దగ్గర. కిస్కా దీవి జపాన్ వాళ్ళ చేతిలో ఉంది. అమెరికా యుద్ధనౌకల రాడార్ల మీద రాత్రిపూట ఏడు చుక్కలు కనిపించాయి. జపాన్ ఓడలే అనుకుని 14 అంగుళాల గుళ్ళు 500కి పైగా, 8 అంగుళాలవి దాదాపు అన్నే కాల్చారు. అటునుంచి ఒక్క గుండు కూడా రాలేదు. తెల్లారి చూస్తే చెక్క ముక్క కూడా లేదు. బ్యాటిల్ ఆఫ్ ది పిప్స్ అని పేరు పడిపోయింది. పిప్ అంటే స్కోప్ మీద చుక్క. చుక్కలతో యుద్ధం.

దూరపు దీవుల కొండల ప్రతిధ్వనులే అలా దగ్గరగా కనిపించాయని ఒక వాదం. నీళ్ళ మీద గుంపుగా కూర్చున్న పక్షులని ఇంకొకటి. నా ఓటు కొండలకే. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళని నేను నవ్వను. చీకట్లో, మంచులో, చుక్క కనిపిస్తుంటే "ఇది గాలి" అనడానికి గుండె కావాలి.

సందేహాల సూరి · ఆదివారం, మధ్యాహ్నం 1:15

పక్షులకే నా ఓటు. ఊరికే, ఎదురు చెప్పాలని.

లెక్కల మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:30

గాలికే కాదు, నీటికీ ఈ రోగం ఉంది. 1930లలో అమెరికా నేవీ సోనార్‌లు, అంటే నీటిలో శబ్దం పంపి ప్రతిధ్వనితో జలాంతర్గాముల్ని వెతికే పరికరాలు, పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మొరాయించేవి. భోజనం చేసి ఆపరేటర్లు కునుకు తీస్తున్నారని మొదట అనుమానించారట! 1937లో క్యూబా దగ్గర గ్వాంటనామోలో సెమ్స్ అనే నేవీ ఓడా, వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళ అట్లాంటిస్ అనే నౌకా కలిసి పరీక్షించాయి. ఎండకి పైపొర నీళ్ళు వేడెక్కుతాయి. వెచ్చని నీటిలో శబ్దం వేగం ఎక్కువ, కాబట్టి అది చల్లటి వైపు, అంటే కిందికి వంగిపోతుంది. జలాంతర్గామి పైపొరలోనే కాస్త దూరాన ఉంటే దాని మీద శబ్దం పడదు. ఆపరేటర్ల తప్పేమీ లేదు.

మధ్యాహ్నం క్లాసులో పిల్లలు తూగితే నాకు ఈ కథ గుర్తొస్తుంది. అక్కడ మాత్రం నీటి పొరలు కారణం కాదు.

అనంతగిరి కుర్రోడు · ఆదివారం, సాయంత్రం 5:22

మాది వికారాబాద్ దగ్గర. దామగుండం అడవిలో నేవీ రాడార్ కడుతున్నారని మా ఊళ్ళో అంటారు. 2024 అక్టోబర్ 15న రాజ్‌నాథ్ సింగ్ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. సముద్రమే లేని తెలంగాణలో నేవీకి ఏం పని అన్నా? దానికీ ఈ చర్చకీ సంబంధం ఉందా? దాదాపు 2,900 ఎకరాల రిజర్వ్ ఫారెస్ట్ అది. మేం గొడ్లు తోలుకెళ్ళిన అడవి. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు.

హామ్ గోదావరి · ఆదివారం, సాయంత్రం 6:47

తమ్ముడూ, సంబంధం ఉంది. ముందొక మాట, అది రాడార్ కాదు. పేపర్లలోనూ అలాగే రాశారు కాబట్టి నీ తప్పు కాదు. అది వీఎల్‌ఎఫ్, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రసార కేంద్రం. నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములకి సందేశాలు పంపే రేడియో స్టేషన్ అనుకో.

మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో అంగుళాల్లోనే చచ్చిపోతాయి. 20 కిలోహెర్ట్జ్ దగ్గరైతే పది, పదిహేను మీటర్ల లోతు దాకా పనికొచ్చేంత మిగులుతుంది. మన దేశంలో ఇలాంటిది ఇప్పటికే ఒకటుంది, తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. 18.2 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు పదహారు కిలోమీటర్లకు పైనే. అంత పొడుగు తరంగానికి యాంటెనా కట్టాలంటే మహా ఎత్తైన టవర్లు, బోలెడంత నేల కావాలి. ఇది సముద్రం ఒడ్డునే ఉండాలన్న రూలేమీ లేదు, ఎందుకంటే ఈ తరంగాలు వేల కిలోమీటర్లు పోతాయి.

ఎలా పోతాయో చెప్తే పైగాలి గారి సబ్జెక్టులోకి వస్తాం. కింద భూమి, పైన అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలో విద్యుదావేశమున్న పొర), మధ్యలో పాక్కుంటూ. డక్ట్ కథే, కాకపోతే గొట్టం ఎత్తు పగలు డెబ్బై కిలోమీటర్లు, రాత్రి ఎనభై అయిదూ తొంభై. సూర్యుడి మీద మంట లేచి ఎక్స్ కిరణాలు వస్తే ఎనిమిది నిమిషాల్లో పై కప్పు కిందికి జారుతుంది. సిగ్నల్ బలం, ఫేజ్ (తరంగం ఏ దశలో చేరుతుందన్నది) రెండూ మారిపోతాయి. మాలాంటి వాళ్ళం ఇంట్లో కూర్చుని ఇది చూడొచ్చు. ఇదే పిచ్చి నాకు మూడేళ్ళుగా.

అనంతగిరి కుర్రోడు · ఆదివారం, సాయంత్రం 7:10

అర్థమైంది అన్నా, థ్యాంక్స్. కానీ అడవి సంగతి? దేశానికి కావాలి సరే, మా చెరువు, మా గుడి, మా మేకలు?

సందేహాల సూరి · ఆదివారం, సాయంత్రం 7:18

దేశ రక్షణ ముందా, మేకలు ముందా?

అనంతగిరి కుర్రోడు · ఆదివారం, సాయంత్రం 7:21

మేకలు మీవి కావు కాబట్టి మీకు అలాగే ఉంటది.

నిర్వాహకుడు · ఆదివారం, సాయంత్రం 7:40

దామగుండం అడవి మీద విడిగా థ్రెడ్ తెరిచాను, తర్వాతి మాటలు అక్కడికి మార్చాను. కుర్రోడి ప్రశ్న న్యాయమైనదే, అందుకే దానికి సొంత చోటు. ఇక్కడ వాతావరణం, అంతరిక్షం సంగతులే. సూరి గారూ, మెల్లగా.

పైగాలి · ఆదివారం, రాత్రి 9:35

హామ్ గోదావరి గారు చెప్పిన ఆ ఎక్స్ కిరణాల సంగతి కనిపెట్టిందీ నేవీ వాళ్ళే. వాషింగ్టన్‌లోని నావల్ రీసెర్చ్ లాబొరేటరీ 1923లో మొదలైంది. వాళ్ళకి కావాల్సింది ఓడలతో దూరం నుంచి మాట్లాడటం. షార్ట్‌వేవ్ దగ్గర్లో వినపడుతుంది, మధ్యలో కొంత మేర మూగగా ఉండి, వేల మైళ్ళ అవతల మళ్ళీ వినపడుతుంది. ఎందుకని తవ్వితే కారణం అయనోస్ఫియర్ అని తేలింది. 1925లో దాని ఎత్తు కొలవడానికి బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు వాడింది ఈ ల్యాబ్ ట్రాన్స్‌మిటర్‌నే. పల్సు పంపి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూశారు. రాడార్‌దీ అదే సూత్రం. యుద్ధం తర్వాత జర్మన్ల వీ-2 రాకెట్లు చేతికొచ్చాయి. 1949లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ ఒకదాంట్లో పరికరాలు పెట్టి సూర్యుడి నుంచి ఎక్స్ కిరణాలు వస్తున్నాయని చూపించాడు. 1971 డిసెంబర్‌లో అంతరిక్షం నుంచి మొదటిసారి సూర్యుడి ప్లాస్మా ముద్దని చూసిన కెమెరా కూడా వాళ్ళదే. హోన్ లాకి ఎనిమిది నెలల ముందు!

మన వైపు సంగతి కూడా చెప్పాలి. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొస మీదుగా పోతుంది. అక్కడ పైకి లేచిన ప్లాస్మా ఫౌంటెన్‌లా రెండు పక్కలా పడి అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా వరసలో గుట్టగా పోగవుతుంది. మన తెలుగు నేల సరిగ్గా ఆ ఏటవాలు మీద ఉంది. వాల్తేరులో నేను చదువుకున్న రోజుల్లో మా గురువులకి పెరట్లోనే ప్రయోగశాల ఉన్నట్టు. జీపీఎస్ సంకేతం ఈ ప్లాస్మాలోంచి రావాలి. బాగా మందంగా ఉన్న రోజు ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పదహారు మీటర్ల తప్పు రావచ్చు. అమెరికాలో చేసిన దిద్దుబాట్లు ఇక్కడ అతకవు. విమానాల కోసం జీపీఎస్ తప్పుల్ని దిద్దే మన గగన్ వ్యవస్థ కట్టేటప్పుడు అందుకే ఇక్కడి అయనోస్ఫియర్‌ని విడిగా కొలవాల్సి వచ్చింది.

ఇంకో తలనొప్పి, పొద్దుగూకాక పుట్టే ప్లాస్మా బుడగలు. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఎక్కువ. నక్షత్రం మినుకుమన్నట్టు ఉపగ్రహ సంకేతం మినుకుమంటుంది. 2002 మార్చి 4న అఫ్ఘానిస్థాన్‌లోని టాకుర్ ఘర్ కొండ మీద అమెరికా సైనికులు చిక్కుకున్నారు. సహాయానికి వస్తున్న హెలికాప్టర్‌కి "శిఖరం మీద దిగొద్దు" అన్న కబురు ఉపగ్రహ రేడియోలో చేరలేదు. అక్కడే దిగింది. ఆ పోరులో మొత్తం ఏడుగురు అమెరికన్లు చనిపోయారు. ఆ సమయంలో ఒక ప్లాస్మా బుడగ ఆ దారిలో ఉందని 2014లో ఒక పరిశోధన చూపించింది. కొండల అడ్డు కూడా ఉంది కాబట్టి అంతా బుడగ మీద వేయలేదు, ఒక కారణం అయ్యుండొచ్చు అన్నారు.

పాత నావికుడు · సోమవారం, ఉదయం 5:50

టాకుర్ ఘర్ సంగతి నాకు తెలియదు. చదివాక కాసేపు ఏమీ తోచలేదు. కబురు పంపినవాడు పంపాననుకుంటాడు. అందుకే మేం రేడియోలో విన్న మాట తిరిగి చదివి వినిపించేవరకు వదిలేవాళ్ళం కాదు. కుర్రాళ్ళు చాదస్తం అనేవాళ్ళు.

సందేహాల సూరి · సోమవారం, ఉదయం 8:02

మేడమ్, మిగతా సగం కూడా ఒప్పుకున్నా. కుర్రోడికి అక్కడి థ్రెడ్‌లో సారీ కూడా చెప్పాను.

కడలిచూపు · సోమవారం, రాత్రి 8:15

హామ్ గోదావరి గారూ, ఇంట్లో కూర్చుని చూడొచ్చు అన్నారు కదా. నేనూ మొదలుపెడతా. ఏం కావాలి?

హామ్ గోదావరి · సోమవారం, రాత్రి 9:04

పెద్ద ఖర్చేం లేదు. మీటరు చదరం చెక్క ఫ్రేము, దాని చుట్టూ ఎనామెల్ రాగి తీగ ఓ యాభై చుట్లు. మోటార్ రివైండింగ్ షాపుల్లో కిలో లెక్కన ఇస్తారు. చిన్న ప్రీ యాంప్లిఫయర్, అక్కణ్ణుంచి కంప్యూటర్ సౌండ్ కార్డు మైకు ఇన్‌పుట్. సౌండ్ కార్డు 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ చేస్తే 18.2 హాయిగా అందుతుంది. ఫ్రేము అంచుని తిరునల్వేలి వైపు తిప్పు. ఇన్వర్టర్‌కి, ఎల్ఈడీ బల్బులకి వీలైనంత దూరం పెట్టు, అవి చేసే గోల సూర్యుడు కూడా చేయడు. పగలంతా గీత సాఫీగా పోతూ ఉంటే, ఎప్పుడో ఒక మధ్యాహ్నం సొరచేప రెక్కలా నిట్టనిలువుగా లేచి మెల్లగా దిగుతుంది. అదే.

మీ ఊరేది? మేడ మీద ఎండ తగిలే చోటు ఉందా, వానకి తడవని చోటు ఉందా?

కడలిచూపు · సోమవారం, రాత్రి 9:11

భీమిలి. మేడ ఉంది. ఇన్వర్టర్ మాత్రం సరిగ్గా మెట్ల కింద ఉంది, అమ్మని ఒప్పించి జరపాలి.